పాత సైరన్‌.. మోగుతూ ఉంటేనే విలువ

సికింద్రాబాద్‌: 2025 మే 7, సాయంత్రం 4 గంటలు. జంటనగరాల్లో ఒక్కసారిగా సైరన్లు మోగాయి. రెండు నిమిషాల పాటు ఆ ధ్వని కొనసాగింది. పాకిస్తాన్‌తో ఉద్రిక్తతలు ముదిరిన ఆ రోజుల్లో కేంద్ర హోంశాఖ ఆదేశాలతో దేశమంతటా నిర్వహించిన ‘ఆపరేషన్‌ అభ్యాస్‌’ అనే పౌర రక్షణ విన్యాసంలో ఇది భాగం. జంటనగరాల పరిధిలో సికింద్రాబాద్, గోల్కొండ, కంచన్‌బాగ్, మౌలాలిలోని అణు ఇంధన సముదాయం ఇందుకు ఎంపికయ్యాయి. పరిశ్రమల సైరన్లతోపాటు పోలీసు, అగ్నిమాపక వాహనాల సైరన్లనూ వాడుకున్నారు.

అంతకు రెండు రోజుల ముందు, మే 5న హోంశాఖ రాష్ట్రాలకు రాసిన లేఖలో చేయవలసిన పనుల పట్టిక ఉంది. అందులో మొట్టమొదటిది వైమానిక దాడి హెచ్చరిక సైరన్లను పనిచేసే స్థితికి తీసుకురావడం. దీపాలార్పడం, కీలక కట్టడాలు కనబడకుండా చేయడం, జనాన్ని తరలించడం వంటివన్నీ ఆ తరువాతివే. దేశంలోని 244 పౌర రక్షణ జిల్లాలకు వర్తించిన ఈ ఆదేశంలో హైదరాబాద్, విశాఖపట్నం ఉన్నాయి.

ఇన్నేళ్లుగా ఎవరికీ పట్టని యంత్రం రాత్రికి రాత్రి పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. భవనాల కప్పుల మీద ఎండకు ఎండి వానకు తడిసి తుప్పుపట్టే ఈ పాత సైరన్లను ఏం చేయాలన్న ప్రశ్న అప్పటి నుంచి ఉంది. తుక్కు కింద తూకానికి వేయాలా, ప్రదర్శనశాలలో పెట్టాలా, బాగుచేసి మోగించాలా? సమాధానం చెప్పాలంటే ముందు ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో, ఎవరికి ఏం చెప్పేదో తెలియాలి.

గాలిని తుంచితే కూత

పాత సైరన్‌లో స్పీకరు లేదు, రికార్డు చేసిన శబ్దమూ లేదు. ఉన్నది ఒక విద్యుత్‌ మోటారు, దాని ఇరుసుకు బిగించిన రెక్కల చక్రం, ఆ చక్రం చుట్టూ కదలకుండా నిలిచే డోలు వంటి తొడుగు. చక్రానికీ తొడుగుకూ సమానమైన ఖాళీలు ఉంటాయి. చక్రం తిరిగేకొద్దీ గాలిని లోపలికి లాగి బయటకు నెడుతుంది. ఖాళీలు ఎదురెదురైనప్పుడు గాలి బయటకు దూకుతుంది, పక్కకు జరిగినప్పుడు ఆగిపోతుంది. ఈ దూకడం, ఆగడం సెకనుకు కొన్ని వందల సార్లు జరిగితే చెవికి అది కూతగా వినిపిస్తుంది. ఉదాహరణకు మోటారు నిమిషానికి 2,900 చుట్లు తిరుగుతూ, చక్రానికి పది ఖాళీలు ఉంటే సెకనుకు దాదాపు 480 సార్లు గాలి తెగుతుంది.

మోటారు వేగం పుంజుకుంటున్నప్పుడు కూత సన్నబడుతూ పైకి లేస్తుంది. విద్యుత్తు ఆపితే చక్రం నెమ్మదించి కూత కిందికి దిగుతుంది. మీటను వేస్తూ తీస్తూ ఉంటే హెచ్చుతగ్గుల కూత వస్తుంది, వేసి వదిలేస్తే ఒకే స్థాయి కూత వస్తుంది. పౌర రక్షణ సంకేతాలు రెండూ ఈ తేడా మీదే నిలబడ్డాయి. రెండు నిమిషాల పాటు పైకీ కిందికీ ఊగే కూత వినిపిస్తే ప్రమాదం వస్తోందని, వెంటనే చాటుకు చేరాలని అర్థం. రెండు నిమిషాల పాటు ఎగుడుదిగుడు లేకుండా సాగితే ప్రమాదం తొలగిందని అర్థం. ఈ రెండు వాక్యాలు నేర్చుకోవడానికి పాఠశాల విద్యార్థికి అయిదు నిమిషాలు చాలు.

ఈ యంత్రంలో చెడిపోయే భాగాలు స్వల్పం. బేరింగులకు గ్రీజు, మోటారు వైండింగులో తేమ చేరకుండా జాగ్రత్త, స్టార్టరు మీటల శుభ్రత, పక్షులు గూళ్లు కట్టకుండా వల. పంపుసెట్టు మోటారును బాగుచేయగల మెకానిక్‌ దీనినీ బాగుచేయగలడు. అయితే నెలల తరబడి తిప్పకుండా వదిలేస్తే బేరింగు బిగుసుకుపోతుంది. ఆ స్థితిలో మీట వేస్తే కూత రాదు, వైండింగు కాలుతుంది. సైరన్‌ పాడయ్యేది వాడకం వల్ల కాదు, వాడకపోవడం వల్ల అన్నది ఇక్కడ గ్రహించవలసిన విషయం.

బస్తీల గడియారం

సికింద్రాబాద్‌కు సైరన్‌ యుద్ధంతో పరిచయమైంది కాదు, పనితో పరిచయమైంది. నిజాం కాలపు రైల్వే సంస్థ 1893లో నెలకొల్పిన లాలాగూడ వర్క్‌షాపు చుట్టూ మెట్టుగూడ, చిలకలగూడ, తార్నాక వైపు రైల్వే కుటుంబాల నివాసాలు పెరిగాయి. చేతి గడియారం అందరికీ అందని ఆ కాలంలో వర్క్‌షాపు కూతే వేళను తెలిపేది. మొదటి కూతకు టిఫిన్‌ డబ్బా కట్టడం, రెండో కూతకు గేటు దాటడం రైల్వే బస్తీల దినచర్య. కవాడిగూడలోని ప్రాగా టూల్స్, దిగువ ట్యాంక్‌బండ్‌ వద్ద డీబీఆర్‌ మిల్లు, సనత్‌నగర్‌లోని ఆల్విన్‌ వంటి కర్మాగారాలు నడిచిన రోజుల్లో జంటనగరాల శ్రామికవాడలన్నిటిదీ ఇదే తీరు. వరంగల్‌లో 2002లో మూతపడిన అజంజాహీ మిల్లు కూత, సింగరేణి గనుల షిఫ్టు కూత కూడా ఇటువంటివే. కూత సమయం కానప్పుడు మోగితే గనిలో ఏదో జరిగిందని వీధి వీధంతా గని వైపు చూసేది. రోజూ వినే కూత కాబట్టే, వేళతప్పిన కూతను జనం వెంటనే పోల్చుకోగలిగేవారు.

యుద్ధపు సైరన్‌ కథ వేరు. 1942 ఏప్రిల్‌ 6న విశాఖపట్నం, కాకినాడ మీద జపాన్‌ విమానాలు బాంబులు వేయడంతో ఆకాశం నుంచి వచ్చే ప్రమాదం తెలుగువారికి ప్రత్యక్షంగా తెలిసింది. 1962లో చైనాతో, 1965లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధాల అనంతరం 1968లో పౌర రక్షణ చట్టం వచ్చింది. 1971 డిసెంబరులో విశాఖ రాత్రిపూట దీపాలార్పి కూర్చుంది. పాకిస్తాన్‌ జలాంతర్గామి ఘాజీ ఆ తీరంలోనే మునిగింది. తరువాత దశాబ్దాలు నెమ్మదిగా గడవడంతో సైరన్లకు నిధులు తగ్గాయి, మీట దగ్గర మనిషి మారాడు, చివరికి మీట ఎక్కడుందో తెలిసినవారే కరవయ్యారు. 2009లో పౌర రక్షణ చట్టాన్ని సవరించి ప్రకృతి విపత్తులు, ప్రమాదాలను కూడా దాని పరిధిలోకి తెచ్చారు. అంటే నేడు సైరన్‌కు చట్టరీత్యా పని పెరిగిందే కాని తగ్గలేదు.

పట్టాల వెంట లెక్క తప్పని కూత

పాత సైరన్‌ పద్ధతిని ఎన్నడూ పూర్తిగా మరవనిది రైల్వే శాఖ. 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు కేంద్రస్థానం సికింద్రాబాదే. రైల్వేల ప్రమాద నిబంధనావళుల్లో సైరన్‌కు ప్రత్యేక భాష ఉంది. రెండు దీర్ఘమైన కూతలు వినిపిస్తే షెడ్డులోనో పక్క యార్డులోనో ప్రమాదం. మూడు కూతలైతే మరో స్టేషన్‌ వద్ద ప్రమాదం, ప్రధాన మార్గం తెరిచే ఉంది. నాలుగైతే ప్రధాన మార్గం మూసుకుపోయింది. నాలుగింటి తరువాత ఒక పొట్టి కూత తగిలితే వైద్య సహాయక వాహనం కూడా బయలుదేరాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే గడువు అటువంటిది. ప్రమాద సహాయక వైద్య వాహనం కబురు అందిన 15 నుంచి 20 నిమిషాలలోపు కదలాలి. సిబ్బందికి ఒక్కొక్కరికీ కబురు పంపే వ్యవధి ఉండదు. వంట చేస్తున్నవాడు, నిద్రలో ఉన్నవాడు, సంతలో ఉన్నవాడు ఒకేసారి విని, కూతలు లెక్కపెట్టి, ఎక్కడికి పరుగెత్తాలో తెలుసుకోవాలి. సెల్‌ఫోన్లు వచ్చాక పిలుపు మరింత సులువైన మాట నిజమే. అయినా వందమందికి ఒకే క్షణంలో విషయం చేరవేయడంలో కూతకు సాటి వచ్చేవి తక్కువ.

ఏటా ఉచితంగా దొరికే పరీక్ష

ఏ ఖర్చూ లేకుండా సైరన్లను పరీక్షించే రోజు ఒకటి ఏటా వస్తూనే ఉంది. అది జనవరి 30, గాంధీజీ వర్ధంతి. ఆ రోజు ఉదయం 11 గంటలకు దేశమంతా రెండు నిమిషాలు మౌనం పాటించాలని హోంశాఖ ఏటా సూచిస్తుంది. సైరన్‌ ఉన్నచోట 10.59 నుంచి 11 గంటల వరకు ఒక నిమిషం, మౌనం ముగిశాక 11.02 నుంచి 11.03 వరకు మరో నిమిషం మోగించాలన్నది ఆ సూచనల్లోని మాట. ‘సైరన్‌ ఉన్నచోట’ అన్న చిన్న పదబంధంలోనే పెద్ద వెసులుబాటు దొరికింది. సైరన్‌ చెడిపోయిన కార్యాలయం గంట కొట్టి సరిపెట్టుకోవచ్చు, లేదా ఊరుకోవచ్చు. ఎక్కడ మోగింది, ఎక్కడ మోగలేదు అని ఆ రోజు ఒక కాగితం మీద రాసుకుంటే జిల్లా యంత్రాంగానికి ఏడాదికి సరిపడా లెక్క చేతికొస్తుంది.

ఉన్న సైరన్‌ మోగకపోతే..

సైరన్‌ ఉందా లేదా అన్నది సగం ప్రశ్న మాత్రమే. విశాఖ ఆర్‌.ఆర్‌.వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్‌ కర్మాగారంలో 2020 మే 7 తెల్లవారుజామున ట్యాంకు నుంచి స్టైరీన్‌ ఆవిరి వెలువడి చుట్టుపక్కల ఇళ్లను కమ్మేసింది. 12 మంది మరణించారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. నిద్రలో ఉన్నవారు ఊపిరాడక లేచి, ఎటు వెళ్లాలో తెలియక చీకట్లో పరుగెత్తి దారుల్లో పడిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చిన అంశాల్లో సైరన్‌ ఒకటి. కర్మాగారం గేటుతో సహా 36 చోట్ల అత్యవసర సైరన్‌ను మోగించే ఏర్పాటు ఉంది. ఒక్కచోట కూడా దానిని వాడలేదు.

భోపాల్‌లో 1984 డిసెంబరులో జరిగింది ఇంతకంటే విచారకరం. బయటి జనానికి వినిపించే సైరన్‌ను మోగించి, కొద్దిసేపటికే ఆపివేశారు. వస్తీవాసులకు విషవాయువు ముందు చేరింది, హెచ్చరిక తరువాత చేరింది.

హైదరాబాద్‌ మరచిపోలేని మరో ఘటన హిమాచల్‌ప్రదేశ్‌లోని బియాస్‌ నది ఒడ్డున జరిగింది. 2014 జూన్‌ 8న విహారయాత్రకు వెళ్లిన నగర ఇంజినీరింగ్‌ విద్యార్థులు 24 మంది, వారి వెంట ఉన్న యాత్రా నిర్వాహకుడు ఒకరు లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. నది మధ్య రాళ్ల మీద నిలబడినవారికి నీరు వస్తున్నదన్న హెచ్చరిక తగినట్లు అందలేదన్నదే ఆ తరువాతి విచారణల్లో ప్రధానాంశమైంది. 2016లో ఆ రాష్ట్ర హైకోర్టు ఒక్కో కుటుంబానికి రూ.20 లక్షల చొప్పున పరిహారం చెల్లించాలని ఆదేశించింది. నాగార్జునసాగర్, శ్రీశైలం వంటి జలాశయాల్లో గేట్లెత్తే ముందు సైరన్‌ మోగించడం ఆనవాయితీ. దిగువన వలలు వేసేవారికి, బట్టలుతికేవారికి ఆ కూత ఎంత ముఖ్యమో బియాస్‌ ఘటన చెబుతుంది.

ఫోన్‌ ఉండగా కూత ఎందుకు?

చేతిలో ఫోన్‌ ఉన్నవారికి సైరన్‌ అవసరమేమిటన్నది సహజంగా వచ్చే ప్రశ్న. 2023 నుంచి దేశంలో సెల్‌ టవర్ల ద్వారా ఒక ప్రాంతంలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి అత్యవసర సందేశం పంపే పద్ధతిని పలుమార్లు పరీక్షించారు. పెద్ద శబ్దంతో తెరమీద సందేశం ప్రత్యక్షం కావడం చాలామందికి అనుభవమే. ఏం జరుగుతోంది, ఎటు వెళ్లాలి అన్నది మాటల్లో చెప్పగలగడం దాని బలం. సైరన్‌ ఆ పని చేయలేదు. అది ‘లేవండి, చూడండి’ అనగలదు, అంతవరకే.

అయితే రాత్రి మూడు గంటలకు ఆపివేసిన ఫోన్, చార్జింగు అయిపోయిన ఫోన్, సిగ్నల్‌ అందని గది, చదవడం రాని వృద్ధులు, పాత మోడల్‌ ఫోను.. ఈ లెక్క చిన్నది కాదు. టవర్లకు విద్యుత్తు నిలిచిపోతే సందేశమూ నిలిచిపోతుంది. సైరన్‌కూ విద్యుత్తు కావాలి, నిజమే. అందుకే పౌర రక్షణ వాలంటీర్లకు చేతితో తిప్పే చిన్న సైరన్లు ఇచ్చే పద్ధతి ఉండేది. అది వీధి చివరి దాకానే వినబడినా దాని మోతకు మనిషి భుజబలం తప్ప ఏదీ అక్కరలేదు.

పాత సైరన్‌ గొప్పను మరీ ఎక్కువ చేసి చెప్పనవసరం లేదు. దూరం రెట్టింపైనప్పుడల్లా ధ్వని తీవ్రత దాదాపు 6 డెసిబెల్స్‌ తగ్గుతుంది. రద్దీ కూడళ్లలో వాహనాల రొదే 70 డెసిబెల్స్‌ దాటుతుంది. రెండంతస్తుల ఇళ్ల సికింద్రాబాద్‌లో తార్నాక దాకా వినిపించిన కూత, నేటి బహుళ అంతస్తుల నడుమ, తలుపులు బిగించి ఏసీ వేసుకున్న గదిలోకి చేరకపోవచ్చు. ఒకప్పుడు ఒక్క సైరన్‌ ఉన్నచోట ఇప్పుడు నాలుగు కావాలి. పాతదాన్ని బాగుచేయడంతో పని ముగియదు, ఎంతవరకు వినిపిస్తుందో నడిచి చూడాలి.

తీసేసి, మళ్లీ కొన్న దేశం

ఈ సందిగ్ధం మనకొక్కరికే ఎదురైంది కాదు. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక జర్మనీ వేలాది సైరన్లను పీకించివేసింది. ఫోన్‌ యాప్‌లు చాలునని భావించింది. 2020 సెప్టెంబరు 10న నిర్వహించిన దేశవ్యాప్త హెచ్చరిక పరీక్షలో ఆ సందేశాలు ఆలస్యంగా చేరాయి. మరుసటి ఏడాది జులైలో ఆర్‌ లోయలో వరదలు ముంచెత్తి 130 మందికి పైగా మరణించిన తరువాత, సైరన్ల కోసం మళ్లీ నిధులు వెచ్చిస్తోంది. స్విట్జర్లాండ్‌ మాత్రం సైరన్లను ఏనాడూ తీయలేదు. ఏటా ఫిబ్రవరి మొదటి బుధవారం దేశమంతటా మోగించి చూస్తుంది. ఆ రోజు ఎవరూ ఉలిక్కిపడరు, ఎందుకంటే తేదీ అందరికీ తెలుసు.

సైరన్లు ఉన్నంత మాత్రాన చాలదనడానికి హవాయి దీవుల్లోని మావి సాక్ష్యం. 2023 ఆగస్టులో లహైనా పట్టణం కార్చిచ్చుకు ఆహుతై వంద మందికి పైగా మరణించారు. ఆ దీవిలో సుమారు 80 సైరన్లు ఉన్నాయి, ఒక్కటీ మోగలేదు. సైరన్‌ అంటే సునామీ అని జనం అనుకుంటారని, కొండవైపు, అంటే మంటల వైపే పరుగెత్తుతారని భయపడ్డామని బాధ్యుడైన అధికారి వివరణ ఇచ్చారు. ఆ వాదన సరైనదో కాదో గాని, కూతకు అర్థం ముందే స్థిరపరచకపోతే ఆపద వేళ మీట దగ్గరి మనిషి చేయి ఆగిపోతుందని తేలింది.

ఈ జాగ్రత్త మనవారికీ తట్టకపోలేదు. 2025 మే 10న పౌర రక్షణ విభాగం టీవీ చానళ్లకు ఒక సూచన చేసింది. వైమానిక దాడి సైరన్‌ ధ్వనిని కార్యక్రమాల్లో నేపథ్య శబ్దంగా వాడవద్దని కోరింది. పదేపదే వింటే అసలు సైరన్‌ మోగినప్పుడు జనం పట్టించుకోరన్నది దాని ఉద్దేశం. ఊరేగింపుల్లో, సొంత కార్లలో సైరన్‌ హారన్లు బిగించి మోగించేవారికి కూడా ఈ మాట చెప్పవలసి ఉంది.

పదిలపరచడం అంటే..

సికింద్రాబాద్‌ ప్రాంతానికి ఈ విషయంలో ఉన్న ప్రత్యేకత ఇంకో నగరానికి ఉండదు. ఒకవైపు కంటోన్మెంటు, ఒకవైపు రైల్వే కేంద్రస్థానం, మౌలాలి వైపు అణు ఇంధన సముదాయం, నడుమ కిక్కిరిసిన బస్తీలు, ఇరుకు వ్యాపార వీధులు. కొద్ది కిలోమీటర్ల దూరంలో మూసీ. 1908 సెప్టెంబరు 28 నాటి వరద ఎటువంటిదో అందరికీ తెలిసినదే. 2025 సెప్టెంబరు చివరలో జంట జలాశయాల గేట్లెత్తినప్పుడు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకే నీరు వచ్చింది. యుద్ధం రాకపోయినా సైరన్‌కు పని లేకపోలేదు.

ముందుగా కావలసింది లెక్క. పోలీసు, అగ్నిమాపక, రైల్వే, పురపాలక, పారిశ్రామిక భవనాల మీద ఏయే సైరన్లు ఉన్నాయి, ఏవి తిరుగుతున్నాయి, మీట ఎవరి చేతిలో ఉంది అన్నది ఒక్క పట్టికలోకి రావాలి. తిరిగేవాటిని నెలకొకసారి ఒక నిమిషం తిప్పితే బేరింగు బిగుసుకోదు. మూతపడిన కర్మాగారాలను కూల్చేటప్పుడు యంత్రాలతోపాటు సైరన్‌ కూడా తుక్కు గుత్తేదారు చేతికి వెళ్లిపోవడం మామూలైంది. బాగయ్యేవాటిని ఆ దశలోనే వేరుచేసి దగ్గరలోని పాఠశాల మీదో, అగ్నిమాపక కేంద్రం మీదో బిగించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. బాగుకానివాటిలో ఒకటి రెండు ప్రదర్శనకు ఉంచవచ్చు. అద్దాల పెట్టెలో కాకుండా పిల్లలు తిప్పి చూడగలిగేలా ఉంచితే రెండు కూతల తేడా వారే పెద్దలకు నేర్పుతారు.

అన్నిటికంటే కష్టమైనది మీట దగ్గరి అధికారం. వెంకటాపురంలో 36 మీటలు ఉన్నాయి, నొక్కమని చెప్పేవారు లేరు. పై అధికారి అనుమతి కోసం ఎదురుచూడకుండా కాపలాదారు కూడా నొక్కవచ్చునని రాతపూర్వకంగా ఉండాలి. పొరపాటున మోగితే రెండు నిమిషాల తరువాత ఒకే స్థాయి కూత వేసి ప్రమాదం లేదని చెప్పవచ్చు. అందుకోసం ఆ కాపలాదారుకు మెమో ఇవ్వకూడదు. ప్రతి కూడలిలో వారానికొక బోర్డు మార్చే నగరంలో రెండు కూతల అర్థం చెప్పే బోర్డు ఒక్కటైనా పెట్టవచ్చు.

వచ్చే జనవరి 30 ఉదయం 10.59కి తమ వీధిలో కూత వినిపించిందో లేదో గమనించి, వినిపించకపోతే సమీపంలోని కార్యాలయంలో ఒక దరఖాస్తు ఇవ్వడం ఎవరైనా చేయగలిగిన పని. దానికి నాలుగు నిమిషాలు పడుతుంది.